ట్యాంకు చూసి మురిసిపోకండి, కొళాయి తిప్పి చూడండి



పీలేరు, రాయచోటి, రాజంపేట పక్క నుంచి కువైట్‌కు పోయినోళ్ల స్టేటస్‌లలో ఒక ఫోటో తరచూ కనబడుతుంది. సముద్రం ఒడ్డున, కడ్డీలకు నీలం గుండ్లు గుచ్చినట్టుండే కువైట్ టవర్లు. అందరూ లైకులు కొడతారు. అవి నీళ్ల ట్యాంకులని ఎంతమందికి తెలుసు?

1979లో వాటిని జనానికి తెరిచినారు. పెద్దది 187 మీటర్ల ఎత్తు. దాని పెద్ద గుండులో కింది సగం నీళ్లు, పై సగం హోటల్. మూడింటిలో రెండే నీళ్లు మోస్తాయి. మూడోదాంట్లో చుక్క కూడా ఉండదు, మిగతా రెండింటి మీదికి లైట్లు వేసేదానికే అది. 1980లో ఆగాఖాన్ అవార్డు ఇచ్చినారు. ఏరు లేని దేశం, సముద్రం నీళ్లలో ఉప్పు తీసి తాగే దేశం. అందుకే నీళ్ల ట్యాంకే వాళ్లకు గుర్తయింది.

మన పల్లెల్లోనూ ట్యాంకే గుర్తు. "ట్యాంకు కాడ దిగు" అంటాం. కానీ మా ఎస్టీ కాలనీలకు, తండాలకు అది ఆ మూడో టవరే. అదన్నా లైటు వేస్తుంది, ఇది అదీ చెయ్యదు.

ఎందుకిట్లా? ట్యాంకులో నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి దిగుతాయి. పైపు పొడుగయ్యే కొద్దీ, దారిలో కొళాయిలు పెరిగే కొద్దీ ఒత్తిడి తగ్గిపోతుంది. చివర ఉండేది ఎవరు? మనమే. గుట్ట మీద తండా అయితే అసలు ఎక్కవు. ఇది తలరాత కాదు, పైపు వేసినోళ్లు గీసిన గీత.

కొందరు మనోళ్లు "మాకూ డిజైన్ ట్యాంకు కట్టించండి, రంగులేయించండి" అంటున్నారు. వద్దు! పంచాయతీ ఆఫీసుల రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా పోయింది. చివరి కొళాయి గొడవ మండలాఫీసు గడప కూడా దాటదు.

2019లో మొదలైన జల జీవన్ మిషన్ ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అంది. కొళాయి బిగిస్తే లెక్కలో ఎక్కేస్తుంది. బిందె నిండిందా అనేది ఎవరు రాసుకోవాలి?

మా ఇండ్లలో కాలేజీకి వచ్చిన మొదటోళ్లం మేము. మా అమ్మానాయనలు గ్రామసభలో వెనక నిలబడి వచ్చేసినారు. మనం ముందు కూర్చుందాం. ట్యాంకు ఎన్ని లీటర్లు, ఎప్పుడు కడిగినారు, చివరి ఇంటికి ఎన్ని నిమిషాలు వదులుతున్నారు అని అడిగి, తీర్మానంలో రాయిద్దాం. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు చివరి కొళాయి కింద బిందె పెట్టి, ఎంతసేపట్లో నిండిందో రాసి గ్రూపులో పెట్టండి. నిండకపోతే అదీ రాయండి.