కెమేరా కబుర్లు: బీరు డబ్బాతో హీరోయిన్ క్లోజప్!

హీరో కొండమీద నించుని పాట ఎత్తుకుంటాడు. ఎక్కడో లోయలో హీరోయిన్ పరుగులు తీస్తూ వుంటుంది. అంతలో తెర మొత్తం సర్రున ముందుకు దూకి ఆమె కళ్ళ దగ్గర ఆగుతుంది. హాల్లో ఈలలు! డెబ్భైల్లో వచ్చిన మన రంగుల సినిమాల్లో ఈ షాటు లేని పాటలు వెతుక్కోవాల్సిందే. కెమేరా కదల్లేదు, ట్రాలీ కదల్లేదు. లెన్సు మీద వున్న రింగు ఒక్కటే తిరిగింది. అదీ జూమ్ లెన్సు మహిమ!

హిచ్‌కాక్ 1958లో ‘వెర్టిగో’ తీసినప్పుడు కెమేరాని ఒకవైపుకీ జూమ్‌ని ఇంకోవైపుకీ నడిపించి చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేలా చేశాడు. 1975లో ‘జాస్’ సినిమాలో స్పీల్‌బర్గ్ సముద్రం ఒడ్డున అదే చిట్కా వాడాడు. ఇవన్నీ చూశాక మనకీ చేతులు దురద పెడతాయా, లేదా?

పెడతాయి కనకనే భీమవరం నించి ఒక డిగ్రీ కుర్రాడు ఉత్తరం రాశాడు. పొట్టి సినిమా తీస్తాట్ట. చేతిలో నికాన్ డి3500 వుంది. దూరం నించి క్లోజప్‌లు తీసే మంచి లెన్సు కొత్తది కొందామంటే ధర విని గుండె ఆగినంత పనైందిట. “అమ్మ గొలుసు కుదువ పెడదామనుకుంటున్నాను, మీరేమంటారు?” అని అడిగాడు.

తమ్ముడూ! గొలుసు అమ్మ మెళ్ళోనే వుండనీ. ముందు ఈ కథ విను.

1985లో జపాన్‌కి చెందిన మినోల్టా కంపెనీ 7000 అనే కెమేరా తెచ్చింది. అమెరికాలో దాన్నే మాక్సమ్ 7000 అన్నారు. ఫోకస్ చేసే మోటారుని బాడీలోనే పెట్టిన ఆ కెమేరా రాగానే మార్కెట్టు తలకిందులైంది. దాంతోపాటే వచ్చిన 70-210 ఎఫ్4 జూమ్ లెన్సుకి అభిమానులు పెట్టిన ముద్దుపేరు ‘బీరు డబ్బా’! నున్నగా, గుండ్రంగా, లోహపు ఒంటితో, 700 గ్రాముల బరువుతో అచ్చం అలాగే వుంటుంది మరి. ఆ మరుసటి ఏడాది నికాన్ ఎఫ్-501తోనూ, 1987లో కేనన్ ఈఓఎస్ 650తోనూ రంగంలోకి దిగాయి. ఆ పోటీలో లక్షలకొద్దీ ఆటోఫోకస్ జూమ్‌లు తయారయ్యాయి. ఫిల్ము కెమేరాలు అటకెక్కాక వాటితోపాటు ఈ లెన్సులూ ఎక్కాయి. అందుకే ఇవాళ సెకండ్ హ్యాండ్ దుకాణంలో ఇంత చవగ్గా దొరుకుతున్నాయి.

చవగ్గా దొరికింది కదా అని ఎగబడకండి. అసలు తిరకాసు ఇక్కడే వుంది. లెన్సు బాడీకి పట్టడం వేరు, పనిచెయ్యడం వేరు! పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినంత మాత్రాన జాతకాలు కలవాలనేముంది?

మినోల్టా, నికాన్ పాత లెన్సుల్లో మోటారు వుండదు. బాడీలో వున్న మోటారు ఒక చిన్న మరలాంటి కడ్డీతో లెన్సుని తిప్పుతుంది. నికాన్ డి80, డి90, డి7000 లాంటి బాడీల్లో ఆ మోటారు వుంది. డి40, డి3000, డి5000 వరసల్లో లేదు. మన భీమవరం తమ్ముడి డి3500 ఆ రెండో జాబితాలోదే. పాత ఏఎఫ్ లెన్సు దానికి చక్కగా పడుతుంది, వెలుతురు లెక్క చెబుతుంది, కానీ ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. లెన్సు మీద అపర్చర్ రింగుని అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గర పెట్టి తాళం వెయ్యడం మర్చిపోకూడదు. లేకపోతే కెమేరా ‘ఎఫ్ఈఈ’ అని చూపించి మొరాయిస్తుంది. నికాన్ కొత్త జెడ్ కెమేరాలకి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేసినా ఈ లెన్సులకి ఆటోఫోకస్ రాదు.

కేనన్ వాళ్ళు 1987లోనే మోటారుని లెన్సులో పెట్టేశారు. అంచేత ఆనాటి ఈఎఫ్ జూమ్ ఈనాటి డిజిటల్ ఈఓఎస్ మీదా, అడాప్టర్‌తో ఆర్ కెమేరాల మీదా హాయిగా ఫోకస్ చేస్తుంది. కానీ కేనన్ కోసం బయటి కంపెనీలు చేసిన కొన్ని పాత లెన్సులు, ముఖ్యంగా సిగ్మావి, డిజిటల్ బాడీ మీద ఎర్రర్ చూపించి చతికిలబడతాయి. డబ్బు ఇచ్చేముందు మీ బాడీకే తగిలించి, ఎఫ్8 దగ్గర ఒక ఫోటో నొక్కి చూడండి.

మరి బీరు డబ్బా? మినోల్టా సంస్థ కోనికాతో కలిసిపోయింది. 2006లో కెమేరాల వ్యాపారం వదిలేసి సోనీకి అప్పగించింది. సోనీ అదే లెన్సు మౌంటుతో ఆల్ఫా 100 తెచ్చింది. చెయ్యి వణుకుని అణిచే ఏర్పాటు దాని బాడీలోనే వుంది కనక ముసలి లెన్సుకీ ఆ భాగ్యం దక్కింది. సోనీ మిర్రర్‌లెస్ వాళ్ళకయితే ఎల్ఏ-ఈఏ4 అనే అడాప్టర్లోనే మోటారు వుంది. 2020లో వచ్చిన ఈఏ5 మాత్రం కొన్ని బాడీల మీదే వీటికి ఫోకస్ చేస్తుంది. మీ బాడీ ఆ జాబితాలో వుందో లేదో చూసుకోండి.

ఇంకో గమ్మత్తు. చిన్న సెన్సరు వున్న నికాన్, సోనీల మీద 70-210 కాస్తా 105-315లాగా పనిచేస్తుంది. దూరం క్లోజప్‌లకి అది వరమే. అదే 28-80 అయితే దాదాపు 42-120 అయిపోతుంది. ఇరుకు గదిలో నలుగురు స్నేహితుల్ని ఇరికించాలంటే గోడ పగలగొట్టాల్సిందే!

ఫిల్ము మీద వాడేవాళ్ళకి ఇంకో లెక్క. 200 స్పీడు రోలు వేస్తే 36 ఫోటోలూ ఆ స్పీడుతోనే. 210 దగ్గర చెయ్యి వణకకుండా రావాలంటే షట్టరు సెకనులో 250వ వంతయినా వుండాలి. ఎండలో సరే, సాయంత్రం పెళ్ళిపందిట్లో కుదరదు. 400 రోలు తెచ్చుకోండి, లేదా స్టాండు పెట్టండి. డిజిటల్‌లో 1600కి, 3200కి పెంచుకుని గట్టెక్కొచ్చు.

వీటికి లోపాలు లేవా? బోలెడు. ఎదురుగా సూర్యుడుంటే బొమ్మ తెల్లబారుతుంది. అపర్చర్ పూర్తిగా తెరిస్తే అంచుల్లో ఊదారంగు గీతలొస్తాయి. ఎఫ్8కి మూస్తే చాలామటుకు సర్దుకుంటుంది. ముందు ఒక హుడ్ తగిలించండి. వీడియో తీస్తుంటే ఆటోఫోకస్ మోటారు గరగరమని మీ హీరోయిన్ డైలాగుకి తాళం వేస్తుంది. అంచేత వీడియోకి చేత్తో ఫోకస్ చెయ్యడమే మేలు. అందులో చిన్నతనమేమీ లేదు. కోట్లు పెట్టి తీసే సినిమా సెట్లో ఫోకస్ పుల్లర్ ఈనాటికీ టేపుతో దూరం కొలిచి, గుర్తులు పెట్టుకుని చేత్తో తిప్పుతూనే వున్నాడు. భీమవరం తమ్ముడు మోటారు లేదని బాధపడాల్సిన పనేముంది?

కొనేటప్పుడు జేబులో చిన్న టార్చి వుంచుకోండి. లెన్సు వెనకనించి వెలుగు వేసి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది బూజు. మన కోస్తా ఉక్కలో అది లెన్సులకి పట్టే క్షయరోగం. ఎంత చవకైనా దండం పెట్టి వచ్చెయ్యండి. నాలుగు దుమ్ము రేణువులకి భయపడక్కర్లేదు. అపర్చర్ రేకుల మీద నూనె మరకలున్నా, రింగు తిప్పితే ఇసక రాసినట్టున్నా వద్దు. ఇంటికొచ్చాక సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత డబ్బాలో దాచుకోండి.

2011లో రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ని కేనన్ 5డి కెమేరాలతో అయిదు రోజుల్లో తీశారు. ఫోటోలు తీసే కెమేరాతో హాల్లో ఆడే సినిమా తియ్యొచ్చని మనవాళ్ళే చూపించేశారు. ఇక కావలసింది కథ, కాస్త ఓపిక. అవి రెండూ ఏ దుకాణంలోనూ అమ్మరు.

పాత జూమ్‌తో తీసిన మీ ఫోటో ఒకటి పంపండి. ఏ లెన్సో, ఏ బాడీయో, ఎంత అపర్చరో వెనకాల రాయడం మర్చిపోకండేం! బాగున్నవాటి మంచీ చెడ్డా ఇక్కడే మాట్లాడుకుందాం. వచ్చేవారం ఫ్లాష్ లేకుండా రాత్రిపూట తీసే కిటుకులు. అంతవరకూ సెలవు!