ఎత్తు ఎన్ని రెట్లు పెంచారు?

శుక్రగ్రహం మీద మాట్ మోన్స్ అనే అగ్నిపర్వతం ఉంది. దట్టమైన మేఘాల వల్ల కక్ష్యలోని మామూలు కెమెరాకు ఆ నేల కనిపించదు. 1990లో అక్కడికి చేరిన మెజెల్లాన్ నౌక రాడార్‌తో దాన్ని చూసింది. ఆ కొలతలతో నాసా తయారుచేసిన బొమ్మల్లో ఒకదానిలో ఎత్తును 22.5 రెట్లు, మరొకదానిలో 10 రెట్లు పెంచారు. మొదటిదాంట్లో ఆ పర్వతం నిట్టనిలువుగా ఆకాశాన్ని అంటుతున్నట్టుంటుంది. నిజానికి దాని ఎత్తు దాదాపు 8 కిలోమీటర్లయితే వెడల్పు వందల కిలోమీటర్లు. అంటే మెల్లగా లేచే వాలు. గ్రహాల ఎత్తుపల్లాలు చూపే ప్రతి బొమ్మలోనూ, ఎత్తు ఎన్ని రెట్లు పెంచారో ఆ అంకె బొమ్మ మీదే ఉండి తీరాలి.

పెంచకపోతే ఏమీ కనిపించదని శాస్త్రవేత్తలు అంటారు. అది నిజమే. పదుల మీటర్ల ఎత్తున్న లావా అంచును వందల కిలోమీటర్ల మైదానంలో గుర్తుపట్టాలంటే పెంచక తప్పదు. పెంచడం మీద నాకు పేచీ లేదు, చెప్పకపోవడం మీదే. వివరణలో రాశాం కదా అన్నది రెండో జవాబు. నాసా రాసింది కూడా. కానీ బొమ్మ చేతులు మారేకొద్దీ వివరణ రాలిపోతుంది. పత్రికలో, టీవీలో, ఫోన్‌లో బొమ్మ ఒక్కటే మిగులుతుంది. మన చంద్రయాన్-2 మీది టెర్రైన్ మ్యాపింగ్ కెమెరా ఒకే నేలను ముందుకు, కిందికి, వెనక్కి మూడు కోణాల్లో తీస్తుంది. ఆ మూడింటి తేడాల నుంచి ఎత్తును లెక్కగడతారు. అంత జాగ్రత్తగా రాబట్టిన కొలత, చదువరి దగ్గరికి వచ్చేసరికి గాలికి పోవడం అన్యాయం.

అసలు నిష్పత్తి చూపిస్తే జనానికి ఆసక్తి పోతుందన్న భయాన్ని మాత్రం నేను ఒప్పుకోను. అంగారకుడి ఒలింపస్ మోన్స్‌నే తీసుకోండి. ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 600. దాన్ని 60 సెంటీమీటర్ల కాగితం మీద సరైన కొలతతో గీస్తే ఎత్తు రెండు సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. ఆ పర్వతం కొన మీద నిలబడ్డవాడికి పర్వతం మొత్తం ఎప్పటికీ కంటపడదు. దాని పాదం దిగంతానికి అవతలే ఉండిపోతుంది. ఇంత అబ్బురమైన సంగతిని కోసుగా చెక్కిన శిఖరం ఎలా చెబుతుంది? పెంచిన బొమ్మ పక్కనే, పెంచని అడ్డుకోత ఒకటి సన్నని గీతగా వేస్తే చాలు. బడి పుస్తకాల్లో ముందుగా ఈ పని జరగాలి, పిల్లల కళ్లలో తొలి బొమ్మే చాలాకాలం నిలిచిపోతుంది కాబట్టి.