హద్దురాళ్లు లేని సరిహద్దు

రెండు కమతాల మధ్య గట్టు చెరిగిపోతే ఏమవుతుందో పల్లెటూరి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఏటేటా దుక్కిలో ఒక చాలు అటో ఇటో జరుగుతుంది. మాటామాటా పెరుగుతుంది. ఒకనాడు కర్రలు లేస్తాయి. సర్వేయరు వచ్చి, గొలుసు పట్టి, హద్దురాళ్లు పాతిందాకా ఆ తగాదా తీరదు. హిమాలయాలలో భారత్, చైనాల మధ్య దశాబ్దాలుగా నడుస్తున్నది ఇంచుమించు ఇటువంటి గట్టు తగాదాయే. కాకపోతే ఉభయుల ఇళ్లలోనూ అణుబాంబులున్నాయి.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. 16వ బీహార్ బెటాలియన్‌కు నాయకుడైన కల్నల్ సంతోష్ బాబు వారిలో ఒకరు. ఆయనది సూర్యాపేట. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. తమ వైపు నలుగురు మరణించారని చైనా ఎనిమిది నెలల తర్వాత, 2021 ఫిబ్రవరిలో గాని ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఒక్క తుపాకి కూడా పేలలేదు. రాళ్లతోను, ఇనుప కడ్డీలతోను, మేకులు దిగగొట్టిన కర్రలతోను కొట్టుకున్నారు. అణ్వస్త్ర రాజ్యాల సైన్యాలు ఇలా తలపడటం వినడానికి వింతగానే ఉంటుంది. కాని దాని వెనుక ఒక కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే వింత పోయి విచారం మిగులుతుంది.

బాంబుల సంగతి ముందు చూడాలి. 1962 యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1964 అక్టోబర్ 16న చైనా తొలి అణుపరీక్ష జరిపింది. భారత్ 1974 మే 18న పోఖ్రాన్‌లో తొలి పరీక్ష, 1998 మేలో మరికొన్ని జరిపింది. 2025 ఆరంభం నాటికి చైనా వద్ద సుమారు 600, భారత్ వద్ద సుమారు 180 అణ్వస్త్రాలు ఉన్నట్లు స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ అంచనా. ముందుగా తాము ప్రయోగించబోమని రెండు దేశాలూ ప్రకటించాయి. అయిదు వేల కిలోమీటర్లు దాటి పోగల అగ్ని-5 క్షిపణి వెనుక హైదరాబాదు రక్షణ ప్రయోగశాలల కృషి ఉంది. అణు జలాంతర్గామి అరిహంత్ విశాఖపట్నంలో తయారై 2009లో నీటిలోకి దిగింది. అంటే ఈ పోటీ ఎక్కడో మంచుకొండల్లో మాత్రమే లేదు, తెలుగు గడ్డ మీది కార్ఖానాలలోనూ ఉంది.

ఇంత సరంజామా పెద్ద యుద్ధాన్ని ఆపుతున్నదంటే ఆపుతూ ఉండవచ్చు. మేత బీడును మాత్రం కాపాడలేదు. చైనా చేతికి బాంబు వచ్చిన మూడేళ్లకే, 1967లో సిక్కిం సరిహద్దున నాథులా, చోలా కనుమల వద్ద ఫిరంగులు మోగాయి. 1975లో అరుణాచల్‌లోని తులుంగ్ లా వద్ద నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు చనిపోయారు. ఆ తర్వాత గల్వాన్ దాకా 45 ఏళ్లు అక్కడ ఘర్షణల్లో ప్రాణనష్టం లేదు. ఆ శాంతికి బాంబుల కంటే కాగితాలే ఎక్కువ తోడ్పడ్డాయని చెప్పక తప్పదు.

ఆ కాగితాలలో మొదటిది 1993 సెప్టెంబర్ 7 నాటిది. వంగర గ్రామం నుంచి ఢిల్లీ దాకా వెళ్లిన పి.వి. నరసింహారావు ప్రధానిగా బీజింగు వెళ్లినప్పుడు కుదిరింది. సరిహద్దు సంగతి తేలేదాకా వాస్తవాధీన రేఖను ఇరుపక్షాలూ మన్నించాలన్నది దాని సారం. రెండవది 1996 నవంబర్ 29న ఢిల్లీలో కుదిరింది. రేఖకు రెండు కిలోమీటర్ల లోపు తుపాకి కాల్చరాదు, పేలుళ్లు జరపరాదు, వేటకు సైతం తుపాకి వాడరాదు అని అందులో ఉంది. గల్వాన్‌లో తుపాకులు మౌనంగా ఉండటానికి ఇదే కారణం.

అయితే ఆ ఒప్పందంలోనే మరో షరతు ఉంది. దానిని జనం అంతగా ఎరుగరు. రేఖ ఎక్కడుందో తేల్చే పని వేగిరపరచాలని, ఎవరి లెక్క ప్రకారం ఎక్కడ ఉందో చూపే పటాలు ఇచ్చిపుచ్చుకోవాలని అందులో స్పష్టంగా రాశారు. తుపాకి కాల్చరాదన్న షరతు చాలాకాలం నిలిచింది. పటాల షరతు మాత్రం అటకెక్కింది. ఒప్పందం ఒంటికాలి మీద నిలబడింది. ఏనాటికైనా పడుతుంది, 2020లో పడింది.

పటాల పని బొత్తిగా మొదలే కాలేదని కాదు. పెద్దగా పేచీ లేని మధ్యభాగం, అంటే హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు పటాలు 2000లో చేతులు మారాయి. 2002లో లడఖ్ వైపు పటాలు బల్ల మీదికి వచ్చాయి. చూసిన చైనా అధికారులు తమ పటం తాము వెనక్కి తీసుకున్నారు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది. అప్పటినుంచి ప్రత్యేక ప్రతినిధుల సమావేశాలు, కమాండర్ల చర్చలు ఎన్ని జరిగినా లడఖ్ గట్టు మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు.

రేఖ పొడవు 3,488 కిలోమీటర్లని భారత్ అంటుంది. చైనా రెండు వేలకు అటూ ఇటూగా చెబుతుంది. గట్టు పొడవు మీదే వెయ్యి కిలోమీటర్లకు పైగా తేడా ఉన్నప్పుడు గట్టు ఎవరు దాటారో తేల్చేదెవరు? తమ లెక్క ప్రకారం హద్దు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా భారత గస్తీ వెళుతుంది. చైనా గస్తీ కూడా అదే చేస్తుంది. ఇద్దరి లెక్కలూ ఒకదాని మీద ఒకటి పడిన చోట ఎదురుపడతారు. 2013లో దెప్సాంగ్, 2014లో చుమార్ అలాంటివే. 2017లో భూటాన్ మూలనున్న డోక్లాంలో 73 రోజులు ఎదురెదురుగా నిలబడ్డారు.

చైనా ఎందుకు తేల్చదంటే, తేల్చకపోవడంలో బలవంతునికి లాభం ఉంది కనుక. సుమారు 38,000 చదరపు కిలోమీటర్ల అక్సాయ్ చిన్ దాని చేతిలోనే ఉంది. టిబెట్‌ను షిన్‌జియాంగ్‌తో కలిపే రోడ్డును 1957 నాటికే దాని మీదుగా వేసుకుంది. గీత పడితే ముందుకు జరిగే దారి మూసుకుపోతుంది. ఢిల్లీకీ ఇబ్బంది లేకపోలేదు. ఆక్రమణదారును వెళ్లగొట్టి తీరతామని పార్లమెంటు 1962 నవంబర్ 14న తీర్మానించింది. కొంత ఇచ్చి కొంత పుచ్చుకునే పరిష్కారంతో జనం ముందుకు రావడానికి ఏ పార్టీ ప్రభుత్వానికైనా గుండె చాలదు. కాని పటం ఇచ్చిపుచ్చుకోవడం వేరు, భూమి వదులుకోవడం వేరు. ఎవరెక్కడ ఉన్నామంటున్నారో చెప్పుకున్నంత మాత్రాన హక్కు పోదు. ఈ తేడాను ప్రజలకు విడమరచి చెప్పే పూచీ నాయకులది. ఆ పని వారు చేయలేదు.

గీత ఎంత పని చేస్తుందో పాకిస్తాన్ సరిహద్దు చూస్తే తెలుస్తుంది. కాశ్మీర్‌లోని నియంత్రణ రేఖను 1972లో ఉభయ సైన్యాల అధికారులు పటాల మీద గీసి సంతకాలు పెట్టారు. అక్కడ కాల్పులు జరిగాయి, చొరబాట్లు జరిగాయి, 1999లో కార్గిల్ యుద్ధమూ జరిగింది. అయినా రేఖ ఎక్కడుందన్న దానికి పటం ఉంది. కార్గిల్‌లో దాటివచ్చినది ఎవరో లోకానికి తెలియడానికి, చివరికి వారు వెనక్కి పోవలసిరావడానికి అదీ ఒక కారణం. ఆ పటం ఒకచోట ఆగిపోయింది. అక్కడినుంచి ఉత్తరాన హిమానీనదాల వైపు గీత గీయలేదు. మంచు తప్ప మరేమీ లేదు గదా అనుకున్నారు. 1984 నుంచి సైన్యాలు కాపలా కాస్తున్న సియాచిన్ సరిగ్గా అక్కడే ఉంది.

ఇక ఖర్చు. గల్వాన్ తర్వాత రెండు వైపులా యాభై వేలకు తక్కువ కాకుండా అదనపు బలగాలు లడఖ్‌కు చేరాయి. చలికాలంలో అక్కడ వేడిమి సున్నాకు 30 డిగ్రీల దిగువకు పోతుంది. కిరోసిన్ మొదలు కూరగాయల దాకా అన్నీ కిందినుంచే ఎక్కాలి. రక్షణకు 2025-26 బడ్జెట్‌లో భారత్ కేటాయించినది 6.81 లక్షల కోట్ల రూపాయలు. చైనా 2025కు ప్రకటించినది 1.78 లక్షల కోట్ల యువాన్లు, రూపాయల్లో దాదాపు 21 లక్షల కోట్లు. ఈ పరుగులో సమానంగా పరుగెత్తడం భారత్‌కు సాధ్యమయ్యే పని కాదు. అలాగని కాపలా మానుకోమనీ ఎవరూ అనరు.

విచిత్రమేమంటే సరిహద్దున ఇంత జరుగుతున్నా బజారులో చైనా సరుకు తగ్గలేదు. 2024-25లో ఆ దేశం నుంచి 11,300 కోట్ల డాలర్లకు పైగా విలువైన దిగుమతులు వచ్చాయి. అక్కడికి పోయిన సరుకు 1,400 కోట్ల డాలర్ల చిల్లర మాత్రమే. చైనా ఫోన్లను నేలకేసి కొట్టి ఫొటోలు దిగిన వారు ఈ లెక్క కూడా చూడటం మంచిది. రైతుకు తగిలిన దెబ్బ వేరే ఉంది. 2023-24లో చైనా నుంచి 20 లక్షల టన్నులకు పైగా డీఏపీ వచ్చింది. చైనా ఎగుమతులు బిగించగా మరుసటి ఏడు 10 లక్షల టన్నులు కూడా రాలేదు. ఎరువు కోసం సొసైటీల ముందు పాసుపుస్తకాలు పట్టుకుని నిలబడిన వారికి చైనా మాట అంత దూరపుదేమీ కాదు.

2024 అక్టోబర్ 21న దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీ గురించి అంగీకారం కుదిరింది. 2025లో కైలాస మానససరోవర యాత్ర మళ్లీ మొదలైంది. నేరుగా విమానాలూ తిరిగాయి. ఇవన్నీ సంతోషించదగినవే. అయితే గస్తీ అంగీకారం గట్టు తేల్చలేదు, గట్టు మీద ఎవరు ఎప్పుడు నడవాలో మాత్రం చెప్పింది. గల్వాన్, పాంగాంగ్, గోగ్రా వద్ద అంతకు ముందే ఉభయులూ అడుగు పెట్టని ఖాళీ జాగాలు ఏర్పరిచారు. తరతరాలుగా మేకలను మేపుకున్న బీళ్లకు దూరమయ్యామని చూశూల్ వైపు కాపరులు మొత్తుకున్నారు. పష్మీనా ఉన్ని వచ్చేది ఆ మేకల నుంచే. పరిహారం మాట అటుంచి, వారి గోడు వినేందుకే ఢిల్లీకి తీరిక చిక్కినట్లు కనబడదు. కాపరి మేపే బీడు కూడా హక్కుకు సాక్ష్యమేనని గట్టు తగాదాలు ఎరిగిన ఏ పల్లె పెద్ద అయినా చెబుతాడు.

2025 ఆగస్టులో ఢిల్లీలో జరిగిన ప్రత్యేక ప్రతినిధుల చర్చలలో ఒక నిపుణుల బృందం వేయాలని నిర్ణయించారు. తేలికగా తేలే చోట ముందుగా హద్దు తేల్చే అవకాశాన్ని ఆ బృందం పరిశీలించాలి. సిక్కిం వైపు 1890 నాటి ఒప్పందం ఉంది, మధ్యభాగానికి పటాలున్నాయి, కనుక పని అక్కడ మొదలవుతుందని అనుకోవచ్చు. మొదలవడం మంచిదే. కాని ప్రాణాలు పోయినది అక్కడ కాదు. తేలిక భాగం తేల్చుకుని, కష్టభాగాన్ని మరో పాతికేళ్లు వాయిదా వేయడానికి చైనా ఇష్టపడవచ్చు. లడఖ్ పటం బల్ల మీదికి ఎప్పుడు వస్తుందో తేదీ రాయించుకోకుండా భారత ప్రతినిధులు ఆ తొలి విడత మీద సంతకం పెట్టరాదు.