దరఖాస్తులో లేని గడి

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా రాష్ట్రం మారే మాలాంటి ఉపాధ్యాయులకు, పిల్లల ప్రవేశ పత్రాల్లో ‘తండ్రి వృత్తి: రైతు’ అన్న మాట ఎక్కడికెళ్లినా కనిపిస్తుంది. ఆ ఒక్క మాటలో ముప్ఫై ఎకరాల మామిడితోట ఆసామీ ఉంటాడు, రెండెకరాలు కౌలుకు చేసుకునేవాడూ ఉంటాడు. ప్రభుత్వ సాయం వీరిద్దరినీ చూసే తీరు మాకు వింతగా తోస్తుంది.

పీఎం కిసాన్ సంగతే తీసుకుందాం. 2019 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో బ్యాంకు ఖాతాలో పడతాయి. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే అన్నారు. అదే ఏడాది ఆ పరిమితి ఎత్తేశారు. కిందటి మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు, నెలకు 10,000 రూపాయలు, ఆపైన పింఛను అందుకునేవారు, ప్రభుత్వోద్యోగులు, డాక్టర్లు, వకీళ్లు వంటివారు అనర్హులు. నాలుగో తరగతి ఉద్యోగులకు సడలింపు ఉంది. అంటే ఊళ్లో ఎకరం ఉన్నా మాకు రాదు, మా బడి అటెండరుకు వస్తుంది. న్యాయమే, మాకు జీతం ఉంది.

అసలు చిక్కు పన్ను నిబంధనలో ఉంది. మన దేశంలో వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. తోట మీద లక్షలు వచ్చే ఆసామి, వేరే సంపాదన లేకపోతే, పన్ను కట్టడు కాబట్టి అర్హుడే. తన పేరున రెండెకరాల మెట్ట ఉండి, పట్నంలో ఏదో కంపెనీలో చేరి కాస్త పన్ను కట్టిన కుర్రవాడు మాత్రం అనర్హుడు. రైతు స్తోమతను తూచే ఈ తక్కెడ సేద్యం మీద వచ్చే డబ్బును తప్ప మిగతా అంతటినీ తూస్తుంది!

ఇక కౌలు రైతు. భూమి రికార్డులో పేరు లేదు గనుక అతని రాబడి ఎంత తక్కువైనా ఎవరికీ పట్టదు. భాష చెప్పేవాళ్లం కదా, మా మనసు మాటల మీదికి పోతుంది. మనకు కౌలుదారు, బెంగాల్లో బర్గాదార్, ఒడిశాలో భాగచాషి, ఉత్తరాదిన బటాయీదార్. ఇన్ని భాషల్లో పేరున్న మనిషికి దరఖాస్తులో గడి లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది గానీ, ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. పొలం ఎక్కడ చేజారిపోతుందోనని సంతకానికి వెనకాడే యజమానులు ఊరూరా ఉన్నారు.

పశువుల విషయంలో కొంత నయం. 2019 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డును పాడి, గొర్రెలు, కోళ్లు పెంచేవారికీ ఇస్తున్నారు. కొట్టం అద్దెదైనా ఫర్వాలేదు. ఒడిశా కాలియా పథకంలో భూమి లేని వ్యవసాయ కుటుంబాలకు మేకలు, కోళ్ల పెంపకం వంటివాటికి 12,500 రూపాయలు పెట్టారు. పట్టా ఎవరిదని కాక, చేసే పని ఏమిటని అడిగారన్నమాట.

పీఎం కిసాన్‌లోనూ అలా అడగవచ్చని మా అభిప్రాయం. విస్తీర్ణ పరిమితి మళ్లీ పెట్టి, మిగిలే సొమ్మును కౌలుదారులకు మళ్లించాలి. యజమాని సంతకానికి బదులు గ్రామసభ మాట చాలనాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం ఆ సంతకం లేకుండానే కార్డులు ఇచ్చింది. దొంగ పేర్లు చేరతాయంటారా? భూమి రికార్డులు చూసి ఇచ్చినా అనర్హులు చేరారు, వాళ్ల దగ్గర సొమ్ము తిరిగి రాబట్టాల్సి వచ్చింది.

6,000 అంటే నెలకు 500. తోట ఆసామి ఆ డబ్బు పడిందో లేదో కూడా చూసుకోడు. కౌలుదారు ఇంట్లో అది మా తరగతిలో కూర్చునే పిల్ల బస్సు పాసు, నోటు పుస్తకాలు.