తక్కువ వ్యయముతో ఇంటి కంప్యూటరు

కుమారునకు లాప్‌టాపు కావలెననియు, కుమార్తెకు ఫోను చాలుననియు తలంచు కుటుంబములు నేటికిని కలవు. ఫోనులో పాఠము వినవచ్చును గాని, పుటలకొలది వ్రాయుటకును, ప్రోగ్రాములు నేర్చుటకును అది చాలదు. ధనము పరిమితమైనచో విడిభాగములు కొని ఇంటనే కంప్యూటరు కూర్చుకొనుట మేలని మేము చెప్పుదుము. ఏ భాగము చెడినను దానిని మాత్రమే మార్చుకొనవచ్చును.

మొదట మానుకొనదగినది గ్రాఫిక్స్ కార్డు. చదువునకు దాని యవసరము లేదు. తెరపై బొమ్మను చూపు శక్తి తనయందే గల ప్రాసెసరును కొనవలెను. 2021లో వెలువడిన రైజెన్ 5 5600జి అట్టిది. ఇంటెల్ కోర్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో ఆ శక్తి లేదని యెరుగుడు. వెల తక్కువయని అది తెచ్చినచో కార్డునకు వేరుగా వ్యయమగును. మదర్‌బోర్డు ప్రాసెసరునకు తగినది కావలెను. 5600జికి ఏఎం4 సాకెట్టు, డీడీఆర్4 మెమొరీ వలయును.

పొదుపు చేయరానిది పవర్ సప్లై. కేబినెట్టుతో ఊరక వచ్చు పేరులేని పవర్ సప్లై చెడినచో తక్కిన భాగములనుగూడ చెరుపవచ్చును. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రమునకు మంచి కంపెనీ వారి 450 వాట్లది చాలును. దానిని ఎర్తు గల ప్లగ్గునకే తగిలింపవలెను.

2025 సంవత్సరాంతమున మెమొరీ ధరలు మిక్కిలి పెరిగినవి. కావున 8 జీబీ గలది ఒకటి వేసి, రెండవ గాడిని ముందునకు విడువవచ్చును. నిల్వకు ఎస్ఎస్‌డి కొనుడు. హార్డ్‌డిస్కు కంటె అది మిగుల వేగవంతము. మానిటరు పాతదైనను లోపము లేదు. దాని కేబులు మదర్‌బోర్డునకు సరిపడునో లేదో మాత్రము చూడవలెను. లినక్సు, లిబ్రేఆఫీసు ఉచితముగా లభించును.

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట నాలుగు దుకాణములలో ధర విచారింపుడు. వారంటీ భాగభాగమునకు వేరుగా నుండును గనుక ప్రతిదానికిని బిల్లు వ్రాయించుకొనుడు.

కూర్చు పని కుమార్తె చేతికే ఇండు. ప్రాసెసరు మూలనున్న త్రికోణపు గురుతును సాకెట్టు గురుతుతో కలిపి మెల్లగా నుంచిన అది తానై కూర్చుండును. నొక్కినచో సన్నని పిన్నులు వంగును. ఇది సూదిలో దారమెక్కించు నేర్పు గలవారికి కష్టమైన పని కాదు.

లినక్సునందు తెలుగు టైపు చేయు విధమును వచ్చు మాసము వ్రాయుదుము.