తేదీ దొరకని నాటకం

ఢిల్లీలో చలికాలం వచ్చిందంటే రెండు తప్పవు: ఊపిరాడనివ్వని పొగమంచు, ఊపిరి సలపనివ్వని సాంస్కృతిక కార్యక్రమాలు. నవంబరు నుంచి మార్చి దాకా మండీ హౌస్ చౌరస్తా చుట్టూ ఉన్న ప్రకటన బోర్డులలో జానెడు ఖాళీ కనిపించదు. ఒకచోట కథక్ నృత్యం, ఇంకొకచోట హిందుస్తానీ కచేరీ, వేరొకచోట చిత్రకళా ప్రదర్శన. వీటికి తోడు జాతీయ నాటక విద్యాలయం వారి భారత్ రంగ్ మహోత్సవ్, సాహిత్య అకాడమీ వారి సాహిత్యోత్సవం. రాజకీయ విలేఖరికి ఈ బోర్డులతో పనేమిటని కొందరు మిత్రులు అడుగుతుంటారు. లోక్‌సభ కార్యక్రమ పట్టికను ఎలా చదువుతానో వీటినీ అలాగే చదువుతాను. ఏది చర్చకు వస్తున్నదన్న దానికంటే ఏది రాలేదన్నదే ఎక్కువ విషయం చెబుతుంది.

పూర్వం ఇక్కడ మండీ సంస్థానాధీశుని భవనం ఉండేది. ఆ స్థలంలో ఇప్పుడు దూరదర్శన్ ప్రధాన కార్యాలయం, హిమాచల్ భవన్ ఉన్నాయి. రాజావారు పోయినా పేరు మాత్రం పోలేదు. చుట్టూ నాలుగడుగులు వేస్తే హబీబ్ రెహమాన్ రూపకల్పన చేసిన రవీంద్ర భవన్, అందులో మూడు అకాడమీలు, 1971 నుంచి నడుస్తున్న కమానీ ఆడిటోరియం, శ్రీరాం సెంటర్, త్రివేణీ కళాసంగం. ఈ చివరి సంస్థ చరిత్ర చెప్పుకోదగినది. శ్రీమతి సుందరీ శ్రీధరాణి 1950లో కన్నాట్ ప్లేస్‌లో ఒక కాఫీ హౌస్ పైన రెండు గదులలో దీనిని ప్రారంభించారు. అమెరికా నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడిన వాస్తుశిల్పి జోసెఫ్ అలెన్ స్టీన్ గీసిన నమూనాతో 1963లో సొంత భవనం లేచింది. చిత్రశాలలు, నాట్య తరగతులు, చిన్న ఆరుబయలు రంగస్థలం, పక్కనే టీ దుకాణం. చిత్రాలు చూడడానికి టికెట్టు లేదు. ఎండ కాసే మెట్ల మీద విద్యార్థి, గుమాస్తా, పేరు మోసిన చిత్రకారుడు పక్కపక్కన కూర్చోగలిగే చోట్లు ఈ నగరంలో ఎక్కువ లేవు.

రవీంద్ర భవన్‌కు, మన హైదరాబాదులోని రవీంద్ర భారతికి చుట్టరికం ఉంది. రెండూ 1961లో టాగూరు శతజయంతి సందర్భంగా వెలిసినవే. దేశమంతటా రాష్ట్ర రాజధానులలో కళలకు ప్రజాధనంతో ఒక ఇల్లు కట్టాలని ఆనాటి పాలకులు తలపెట్టారు. ఇల్లయితే కట్టారు. అందులో ఎవరు, ఏ రోజున, ఎంత అద్దె చెల్లించి ఆడాలన్నది మాత్రం ఆయా భవనాల కార్యాలయాలకు వదిలేశారు. మన సాంస్కృతిక విధానం గురించి ఎన్నో సెమినార్లు జరిగాయి గాని, తేదీల పుస్తకం గురించి ఒక్క సెమినారు జరిగినట్టు నేను వినలేదు.

చిన్న నాటక సమాజానికి కావలసిన మొదటి వస్తువు తేదీ. గ్రాంటు తర్వాతి మాట. నటులు పగలంతా బ్యాంకులోనో బడిలోనో పని చేసేవారు కనుక వారికి శని, ఆదివారాల సాయంత్రాలు తప్ప దారి లేదు. ఆ సాయంత్రాలే కంపెనీలకు, ప్రభుత్వ శాఖలకు, సన్మాన సభలకు కూడా కావాలి. దీపాలు సరిచూసుకోవడానికి ముందురోజు కూడా హాలు కావాలంటే అద్దె రెట్టింపవుతుంది. మూడు నెలలు సాధన చేసిన నాటకం రెండు ప్రదర్శనలతో అటకెక్కుతుంది. ప్రేక్షకులు లేక చచ్చిన నాటకాల గురించి విమర్శకులు తరచు విలపిస్తుంటారు. మూడవ ప్రదర్శనకు చోటు లేక చచ్చిన వాటి లెక్క ఎవరు రాశారు? బారాఖంబా రోడ్డుపై 1955లో ప్రారంభమైన సప్రూ హౌస్‌లో ఒకప్పుడు పంజాబీ హాస్యనాటకాలు విరగబడి ఆడేవి. వాటి స్థాయిని చూసి పెద్దలు ముక్కు చిట్లించేవారు గాని, కరోల్‌బాగ్ నుంచి కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చినట్టు వచ్చేవి. ఇప్పుడక్కడ విదేశాంగ విధానంపై గోష్ఠులు జరుగుతున్నాయి.

అద్దె ఒక గోడ, అనుమతి ఇంకొక గోడ. తెల్లవారు 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం స్వతంత్ర భారతంలో డెబ్భై ఏళ్ళు బతికి, 2018 జనవరిలో గాని కేంద్ర చట్టాల పుస్తకం నుంచి తొలగలేదు. ఢిల్లీలో ఆడిటోరియంలతో సహా ఏడు రకాల స్థలాలకు లైసెన్సు ఇచ్చే అధికారాన్ని 2025 జూన్‌లో పోలీసుల నుంచి తప్పించారు. మంచిదే. అయితే భయానికి లైసెన్సు అక్కరలేదు. 2018 నవంబరులో కర్ణాటక సంగీత విద్వాంసుడు శ్రీ టి.ఎం. కృష్ణ కచేరీ నెహ్రూ పార్కులో జరగవలసి ఉండగా, ఏమయిందో చూడండి. ఆయనపై సామాజిక మాధ్యమాలలో దాడి మొదలైన కొద్ది రోజులకే నిర్వాహకులైన విమానాశ్రయాల ప్రాధికార సంస్థ వారు కార్యక్రమాన్ని వాయిదా వేశారు. ఏ చట్టమూ దానిని నిషేధించలేదు, ఏ కోర్టూ ఆపలేదు. అప్పటి ఢిల్లీ ప్రభుత్వం ముందుకు వచ్చి అదే నవంబరు 17న సాకేత్ సమీపంలోని ఉద్యానవనంలో ఆయన చేత పాడించింది. పేరున్న విద్వాంసుడు కనుక ఒక ప్రభుత్వం మూసిన తలుపును వేరొక ప్రభుత్వం తెరిచింది. పేరు లేని వారి సంగతి బోర్డుకే ఎక్కదు.

మండీ హౌస్‌లో నీలి మార్గపు మెట్రో ఎక్కి పడమరగా పోతే ఎనిమిదవ స్టేషను షాదీపూర్. ఆ పక్కనున్న షాదీ ఖాంపూర్ ఇరుకు వీధులలో జన నాట్య మంచ్ వారు 2012లో స్టూడియో సఫ్దర్ అనే చిన్న ప్రదర్శనశాలను తెరిచారు. పక్కనే మే డే పుస్తకశాల. మెత్తటి కుర్చీలు లేవు, పాలరాతి వాకిలి లేదు. సాధన చేసుకోవడానికి నేల, నాటకం ఆడుకోవడానికి నాలుగు గోడలు, ఆట అయ్యాక వాదించుకోవడానికి టీ ఉన్నాయి. కావాలనే సాంస్కృతిక కేంద్రాలకు దూరంగా, పనివారు నివసించే బస్తీలో పెట్టుకున్నారు. వారి నాటకాలన్నీ నన్ను మెప్పించాయని చెప్పను. నినాదం ముందే తెలిసిపోయిన చోట నటుడికి పని తగ్గిపోతుంది. అయినా ఆ శాల విలువ అక్కడాడే ప్రతి నాటకం గొప్పతనం మీద ఆధారపడి లేదు. మూడవ ప్రదర్శనకు చోటు ఉన్నదన్న ధైర్యం నాటక సమాజానికి అక్కడ దొరుకుతున్నది.

ఆ పేరు వెనుక కథ పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1988 నవంబరులో ఢిల్లీ పరిసరాల పారిశ్రామిక కార్మికులు ఏడు రోజుల సమ్మె చేశారు. ఆ నేపథ్యంలో తయారైన ‘హల్లా బోల్’ వీధినాటకాన్ని 1989 జనవరి 1న సాహిబాబాదు దగ్గరి ఝండాపూర్‌లో ఆడుతుండగా రాజకీయ గూండాలు దాడి చేశారు. రాం బహదూర్ అనే కార్మికుడు తుపాకీ గుండుకు బలయ్యాడు. తీవ్రంగా గాయపడిన సఫ్దర్ హష్మీ మరునాడు మరణించాడు. అప్పటికతనికి ముప్ఫై నాలుగేళ్ళు. జనవరి 4న అతని భార్య శ్రీమతి మలయశ్రీ హష్మీ, సహచరులు అదే స్థలానికి వెళ్ళి ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. హంతకులకు శిక్ష పడడానికి 2003 దాకా పట్టింది. ఏటా జనవరి 1న కార్మికులు, నటులు ఝండాపూర్‌లో సమావేశమవుతుంటారు. ఈ శీతాకాలపు కార్యక్రమాలలో నేను ముందుగా గుర్తు పెట్టుకునేది అదే. పత్రికల ‘నగరంలో నేడు’ శీర్షికలో దాని కోసం వెదకనక్కరలేదు, చాలాసార్లు ఉండదు.

షాదీపూర్ దాకా వెళ్ళినవారు బస్సు డిపో వెనుక ఉండిన కఠ్‌పుత్లీ కాలనీని తలచుకోకుండా ఉండలేరు. రాజస్థాన్ నుంచి వలస వచ్చిన కొయ్యబొమ్మలాటవారు, గారడీవారు, డోలు వాయించేవారు కొన్ని దశాబ్దాలపాటు అక్కడ గుడిసెలు వేసుకుని బతికారు. 1985లో అమెరికాలో భారతోత్సవాలు జరిగినప్పుడు ఇక్కడి కళాకారులను వాషింగ్టన్‌కు తీసుకువెళ్ళి, ఇదే భారతదేశమని ప్రపంచానికి చూపించారు. అక్కడి బొమ్మలాట కళాకారుడు శ్రీ పూరన్ భట్‌కు సంగీత నాటక అకాడమీ పురస్కారం ఇచ్చింది. ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ 2009లో ఒక ప్రైవేటు నిర్మాణ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ స్థలంలో ఒక భాగంలో పేదలకు సుమారు 2,800 ఇళ్ళు, మిగతా భాగంలో ధనికుల కోసం ఆకాశహర్మ్యం. 2017 అక్టోబరు 30న బుల్‌డోజర్లు వచ్చాయి. అనేక కుటుంబాలు ఆనంద్ పర్బత్‌లోని తాత్కాలిక శిబిరానికి చేరాయి. తాత్కాలికం అన్న మాటకు ప్రభుత్వ భాషలో అర్థం వేరు. 2023 నాటికి కూడా వారు ఆ రేకుల గదులలోనే ఉన్నారు. నిలువెత్తు బొమ్మలను, డోళ్ళను, గడలను పెట్టుకోవడానికి ఆ గదులలో చోటెక్కడ? ఇల్లు పోతే గుమాస్తాకు ఇల్లు ఒక్కటే పోతుంది. బొమ్మలాటవాడికి సాధన చేసే వాకిలి, చూసి నేర్చుకునే పిల్లలు, పెళ్ళికి పిలవడానికి వచ్చే బేరగాడికి తెలిసిన చిరునామా కూడా పోతాయి.

విచిత్రమేమంటే ఇదే కళాకారుడు వాషింగ్టన్ నుంచి తిరిగి వచ్చి ఢిల్లీ వీధిలో ఆడితే చట్టం దృష్టిలో బిచ్చగాడు. ఢిల్లీకి వర్తింపజేసిన 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం, బహిరంగ స్థలంలో పాడి, ఆడి, ప్రదర్శన ఇచ్చి డబ్బు అడగడాన్ని కూడా భిక్షాటనగానే పరిగణించింది. 2018 ఆగస్టులో జస్టిస్ గీతా మిట్టల్ నాయకత్వంలోని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ చట్టంలోని నేరనిబంధనలను కొట్టివేసేవరకు ఇదే పరిస్థితి. ఒక చేత్తో తామ్రపత్రం, ఇంకొక చేత్తో అరెస్టు! మన అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దీపపు తొడుగులు చేసుకుని బతుకుతుంటే విచారించే మనం, రాజధానిలో జరిగిన దీనిని పట్టణాభివృద్ధి శాఖ వ్యవహారంగా భావించి ఊరుకున్నాం.

ఇక డబ్బు మాట. ఆసుపత్రులలో మంచాలు లేని దేశంలో నాటకశాలల గొడవేమిటనే ప్రశ్న న్యాయమైనదే. 2025-26 కేంద్ర బడ్జెట్టులో సాంస్కృతిక శాఖకు కేటాయించింది సుమారు 3,360 కోట్ల రూపాయలు. మొత్తం బడ్జెట్టు 50 లక్షల కోట్లు దాటింది కనుక, ప్రతి నూరు రూపాయలలో ఏడు పైసలు కూడా కావు. అందులోనే పురావస్తు శాఖ, గ్రంథాలయాలు, మ్యూజియంలు, అకాడమీలు. ఆసుపత్రి మంచం ఈ ఏడు పైసలలోంచి రాదు. పైగా నేను కోరుతున్నదానికి కొత్త డబ్బు కూడా అక్కరలేదు. ప్రజాధనంతో కట్టిన, లేదా ప్రభుత్వం భూమి ఇచ్చిన ప్రతి హాలులోనూ నెలలో కొన్ని సాయంత్రాలను, అందులో కనీసం ఒక శని ఆదివారాల జతను, కరెంటు ఖర్చు మాత్రమే తీసుకుని చిన్న సమాజాలకు ఇవ్వాలి. ఎవరికి ముందో చీటీలు వేసి తేల్చవచ్చు. కథావస్తువు చూసి తేల్చరాదు. తేదీ రద్దు చేస్తే కారణం కాగితం మీద పెట్టి, ఇంకొక తేదీ ఇవ్వాలి.

హాలు లేకుండా గొప్ప నాటకం రాదని నా వాదన కాదు. హబీబ్ తన్వీర్ 1954లో ‘ఆగ్రా బజార్’ను జామియా మిలియాలో ఓఖ్లా గ్రామస్థులను వేదిక మీదికి తెచ్చి ఆడించాడు. కాని ఆనాటి ఓఖ్లాలో ఖాళీ మైదానాలుండేవి. నేటి నగరంలో ఖాళీ స్థలమంటే కార్లు నిలిపే స్థలమే. అందువల్లనే సొంత ఇళ్ళను తెరిచేవారు కొందరు బయలుదేరారు. హైదరాబాదు బంజారా హిల్స్‌లో 2010 నుంచి లామకాన్ అటువంటి ప్రయత్నమే చేస్తున్నది. చెట్టు నీడ, చవక టీ, ఎవరైనా అడగగల వేదిక. అయితే కొందరు పౌరుల ఔదార్యం మీద ఎంతకాలమని ఒక నగరపు సాంస్కృతిక జీవితం ఆధారపడుతుంది?

ఢిల్లీ తెలుగువారికి ఈ విషయం మరీ దగ్గరిది. మన ఉగాది సభలకు, నాటకాలకు ఇక్కడ సహజమైన చిరునామా ఆంధ్రభవన్ ఆవరణ. దాని పంపకానికి 2024లో కేంద్రం ఆమోదం తెలిపినప్పుడు ఎవరికెన్ని ఎకరాలో మన పత్రికలన్నీ లెక్క వేసి ప్రచురించాయి. నాటకానికి ఎన్ని సాయంత్రాలో ఎక్కడా నా కంటబడలేదు. రెండు ప్రభుత్వాలూ కొత్త భవనాల నమూనాలు గీయించుకునేటప్పుడు మంత్రుల గదుల సంఖ్యతో పాటు సాధన గది ఒకటి ఉన్నదో లేదో మన ప్రతినిధులు చూడాలి. వారు పార్లమెంటులో సాంస్కృతిక శాఖను అడగవలసిన ప్రశ్నలు కూడా కొన్ని ఉన్నాయి. ఢిల్లీలోని అకాడమీల ప్రదర్శనశాలలు గత మూడేళ్ళలో ఎన్ని సాయంత్రాలు ఖాళీగా ఉన్నాయి? ఎన్ని సాయంత్రాలు ప్రభుత్వ శాఖల సొంత సభలకు పోయాయి? ఇచ్చిన తేదీలలో ఎన్నింటిని, ఎవరి మాట మీద రద్దు చేశారు?