ఏమీ కాలేదంటే టెస్ట్ పాసైనట్టేనా?

మార్చి వచ్చిందంటే చాలు, డెన్వర్‌లో మన తెలుగు సాఫ్ట్‌వేర్ జనాల వాట్సాప్ గ్రూపుల్లో "ఈ వీకెండ్ స్నోషూయింగ్‌కి ఎవరెవరొస్తున్నారు?" మొదలవుతుంది. ఎండ బాగుంటుంది, చలి తగ్గుతుంది, కొండల మీద మంచు మాత్రం ఇంకా నిండుగా ఉంటుంది. వెళ్ళొద్దని నేననను, నాకూ ఇష్టమే. కానీ అవలాంచ్ సంగతి ఎత్తగానే ఒక జవాబొస్తుంది చూశారూ... "పోయినేడాదీ అక్కడికే వెళ్ళాం, ఏం కాలేదు." నా గొడవంతా ఈ జవాబుతోనే.

మనం తప్పు కోడ్ రాస్తే కంపైలరో, టెస్టరో, చివరికి కస్టమరో చెప్తాడు. కొండవాలు చెప్పదు. మీరు దాటారు, అది జారలేదు. నిజంగానే గట్టిగా ఉందా, లేక బలహీనంగా ఉన్న చోటికి రెండడుగుల పక్కనుంచి మీరు నడిచారా? రెండిటికీ మీకు కనిపించే అవుట్‌పుట్ ఒక్కటే. కాబట్టి ఇరవైసార్లు క్షేమంగా తిరిగొచ్చినా మన అంచనా సరైనదని రుజువు కాదు. పెరిగింది అనుభవం అనుకుంటాం, చాలాసార్లు పెరిగేది ధీమా.

అసలు జరిగేదేమిటంటే, మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. కొలరాడోలో చలికాలం మొదట్లో పడిన పల్చటి మంచు పంచదార పలుకుల్లా మారి ఒకదానికొకటి అతుక్కోదు. దాని మీద గట్టి పొర పడితే, మనిషి బరువుకే పైపొర పెద్ద పలకలా విరిగి జారొచ్చు. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే ఇది జరుగుతుంది. మీరు దాని మీద ఉండక్కర్లేదు, కింద చదునుగా ఉన్నచోట నడుస్తున్నా చాలు.

ప్రమాదస్థాయిని 1 నుంచి 5 అంకెల్లో చెప్తారు. 3 వచ్చిందంటే మనవాళ్ళకి అది ఫిఫ్టీ ఫిఫ్టీ, పాస్ మార్కు. కానీ 3కి అధికారిక అర్థం వేరు: మనుషుల వల్ల అవలాంచ్ జరిగే అవకాశం బాగా ఉంది అని. 5 ఉన్న రోజు ఎవరూ వెళ్ళరు. 3 ఉన్న రోజు అందరూ వెళ్తారు, మరణాల్లో పెద్ద వాటా కూడా ఆ రోజులదే.

2013 ఏప్రిల్ 20న లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్‌లో జరిగింది చూడండి. ఆ రోజు స్థాయి 3. ఆరుగురూ పరికరాలున్నవాళ్ళు, బులెటిన్ చదివినవాళ్ళు, ప్రమాదకరమైన వాలు ఏదో తెలిసినవాళ్ళు. దాని కిందనుంచి సురక్షితమైన చోటికి దాటుతుండగా మంచు విరిగింది. ఆరుగురూ చిక్కుకున్నారు, ఐదుగురు చనిపోయారు. 1962 తర్వాత కొలరాడోలో ఒక్క అవలాంచ్‌లో ఇంతమంది పోవడం అదే మొదటిసారి. వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. అంత తెలిసినవాళ్ళకే అలా అయితే, అద్దె స్నోషూలతో వెళ్ళే మన సంగతేమిటని.

వసంతం మొదట్లో ఇంకో చిక్కు. రాత్రి గడ్డకట్టి పొద్దున గట్టిగా ఉన్న మంచు మధ్యాహ్నానికి నీళ్ళోడుతుంది. రాత్రి మబ్బు పట్టి ఉంటే సరిగ్గా గడ్డకట్టనే కట్టదు. ఎండ ముందు తూర్పు వాలుల్ని తాకుతుంది, తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర. కాలు చీలమండ దాటి దిగబడుతున్నా, మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా నిటారు వాలుల దగ్గర్నుంచి వచ్చేయాలి. పొద్దున్న తీసుకున్న నిర్ణయం మధ్యాహ్నానికి ఎక్స్‌పైర్ అయిపోతుందన్నమాట.

అందుకే నన్నడిగితే, నిర్ణయం కొండ దగ్గర కాదు, ఇంట్లోనే జరగాలి. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ బులెటిన్ చదవండి. మ్యాప్‌లో వాలు కోణం చూడండి. 3 లేదా అంతకన్నా ఎక్కువుంటే 30 డిగ్రీల లోపు, పైన నిటారు వాలు లేని దారి మాత్రమే. తిరుగుప్రయాణం టైము ముందే రాసుకోండి. ఒక్కరు వద్దన్నా వెనక్కే, కోడ్ రివ్యూలో ఒక్కరు అడ్డుచెప్తే మెర్జ్ ఆగినట్టు.

"ఇలాగైతే ఎక్కడికీ వెళ్ళలేం" అంటారు. వెళ్ళొచ్చు, చదునైన దారులు బోలెడున్నాయి. "బీకన్ ఉందిగా" అంటారు. బీకన్ అవలాంచ్‌ని ఆపదు, పూడిపోయిన మనిషి ఎక్కడున్నాడో చెప్తుందంతే. తొలి 10 నిమిషాల్లో తవ్వి తీస్తే ఎక్కువమంది బతుకుతారు, ఆ తర్వాత అవకాశాలు వేగంగా పడిపోతాయి. బీకన్, ప్రోబ్, పార అందరి దగ్గరా ఉండి, వాడటం వచ్చి ఉంటేనే అది సాధ్యం.

ఈసారి మీ గ్రూపులో ఎవరైనా "పోయినేడాది ఏం కాలేదు" అంటే ఒక్కటే అడగండి: "ఈ రోజు బులెటిన్ ఏమంటోంది?" జవాబు రాకపోతే ఆ ట్రిప్ ఇంకా ప్లాన్ కానట్టే.